విశాఖలో కొత్త ఉద్యోగం: పనిలో కుదురుకుంటూనే పొదుపు నిలబెట్టుకోవడం ఎలా

నేను విజయనగరం నుంచి వచ్చి పరవాడలో ఉద్యోగంలో చేరినప్పుడు, మొదటి జీతం రాకముందే నోట్‌బుక్‌లో ఒక లెక్క రాసుకున్నాను. నెలకు పది వేలు దాచాలి, రెండేళ్లలో చెల్లి పెళ్లికి ఇంత, బండికి ఇంత. ఆ లెక్క రెండో నెల ఇరవయ్యో తారీఖుకే తప్పింది. గది అడ్వాన్స్, పరుపు, బకెట్లు, ఊరికి నాలుగుసార్లు రానూపోనూ ఛార్జీలు, ఇవేవీ ఆ నోట్‌బుక్‌లో లేవు. గదిలో ఉండే మిత్రుడి దగ్గర మూడు వేలు చేబదులు తీసుకున్నాను.

అప్పటినుంచి కొత్తగా చేరిన తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎవరు అడిగినా నేను ఒకటే చెబుతున్నాను. మొదటి మూడు నెలలు దాచే మొత్తం చిన్నదిగా ఉండాలి, కానీ ఒక్క నెల కూడా ఆగకూడదు. పెద్ద అంకె నాలుగో నెలలో పెట్టుకోవచ్చు. అప్పటికి ఊరి ఖర్చూ తెలుస్తుంది, పని తీరూ తెలుస్తుంది. ఈ మార్గదర్శి అంతా ఉద్యోగంలో మొదటి ఆరు నెలలను ఎలా నడపాలన్నదే.

1. చేరకముందే: సీటీసీని చేతికొచ్చే జీతంగా మార్చుకోండి

ఆఫర్ లెటర్‌లో కనిపించే సీటీసీ అంటే కంపెనీ మీ కోసం ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు. అదంతా మీ ఖాతాలో పడదు. ఒక లెక్క వేసి చూద్దాం. సీటీసీ 4,80,000 అంటే నెలకు 40,000. అందులో బేసిక్, అంటే మూల వేతనం, 20,000 అనుకుందాం. కంపెనీ తన వంతుగా కట్టే పీఎఫ్ (ప్రావిడెంట్ ఫండ్, రిటైర్మెంట్ కోసం దాచేది) బేసిక్‌లో 12 శాతం, అంటే 2,400. గ్రాట్యుటీ (ఏళ్ల తరబడి పనిచేసి మానేటప్పుడు కంపెనీ ఇచ్చే మొత్తం) కింద చూపించేది బేసిక్‌లో 4.81 శాతం, సుమారు 960. ఈ రెండూ తీసేస్తే గ్రాస్, అంటే కోతలకు ముందు జీతం, 36,640. అందులోంచి మీ వంతు పీఎఫ్ ఇంకో 2,400 పోతుంది. మన రాష్ట్రంలో నెల జీతం 20,000 దాటితే వృత్తి పన్ను 200 పోతుంది. చివరికి చేతికి వచ్చేది సుమారు 34,000. నలభై వేలు అనుకుని అద్దె మాట్లాడుకున్నవాడికి అక్కడే ఆరు వేలు తేడా వస్తుంది.

సీటీసీలో వేరియబుల్ పే (పనితీరును బట్టి ఇచ్చే భాగం) కలిపి ఉంటే ఇంకా తగ్గుతుంది. కొన్ని కంపెనీలు బేసిక్ ఎంత ఉన్నా 15,000 మీదే పీఎఫ్ లెక్కగట్టి 1,800 కడతాయి. గ్రాస్ 21,000 లోపు ఉన్నవాళ్లకు ఈఎస్‌ఐ (ఉద్యోగుల వైద్య బీమా) కింద 0.75 శాతం కోత ఉంటుంది. అందుకే హెచ్‌ఆర్ వాళ్లను మొహమాటపడకుండా అడగండి: "సార్, అన్ని కోతలూ పోగా నెలకు ఖాతాలో ఎంత పడుతుంది?" ఇది అడిగితే ఎవరూ తప్పు పట్టరు.

పై లెక్కలో ఒక మంచి సంగతి కూడా ఉంది. మీ వంతు, కంపెనీ వంతు కలిపి నెలకు 4,800 పీఎఫ్ వైపు వెళ్తోంది. కంపెనీ వాటా నుంచి పెన్షన్ పథకానికి 1,250 మళ్లినా, 3,550 మీ ఖాతాలోనే చేరుతుంది. 2024-25కి దాని మీద వడ్డీ 8.25 శాతం. నెల గడవడమే కష్టంగా ఉన్నప్పుడు కూడా, మీరు ఏమీ దాచడం లేదని కుంగిపోవక్కర్లేదు.

2. మొదటి జీతం పడేదాకా గడవడానికి డబ్బు పక్కన పెట్టుకోండి

చాలా కంపెనీల్లో ప్రతి నెలా ఒక తేదీ తర్వాత చేరినవాళ్ల జీతాన్ని మరుసటి నెలలో కలిపి ఇస్తారు. ఇరవై రెండో తారీఖున చేరితే నలభై రోజుల దాకా జీతం పడకపోవచ్చు. చేరే ముందే ఆ తేదీ అడిగి తెలుసుకోండి. నలభై ఐదు రోజుల తిండి, ప్రయాణం, అద్దె, అడ్వాన్స్, ఇదంతా చేతిలో ఉంటేనే బట్టలు సర్దుకోండి. లేకపోతే ఇంట్లో అడగండి, ఫలానా నెలలో తిరిగి ఇస్తానని చెప్పి అడగండి. ఫోన్‌లో ఐదు నిమిషాల్లో అప్పు ఇచ్చే యాప్‌ల జోలికి మాత్రం వెళ్లొద్దు.

3. ఇల్లు ఎక్కడ తీసుకోవాలి? పొదుపు సగం ఇక్కడే తేలిపోతుంది

విశాఖ సముద్రం పక్కన పొడుగ్గా సాగిన ఊరు. ఒక కొసన పరవాడ ఫార్మా సిటీ, అచ్యుతాపురం, దువ్వాడ సెజ్, స్టీల్ ప్లాంట్. ఇంకో కొసన రుషికొండ ఐటీ కొండలు, మధురవాడ, ఆ పైన భీమిలి. మధ్యలో షిప్‌యార్డు, పోర్టు, ద్వారకానగర్, సిరిపురం ఆఫీసులు. మధురవాడలో అన్నయ్య ఇల్లుంది, అద్దె కలిసొస్తుందని అక్కడుండి పరవాడ వెళ్లేవాళ్లను చూశాను. ఒకవైపే ముప్పై కిలోమీటర్ల పైన ప్రయాణం. హనుమంతవాక, ఎన్‌ఏడీ, గాజువాక దాటుకుని ఇంటికొచ్చేసరికి వంట చేసే ఓపిక ఉండదు, బయట తింటారు. మర్నాడు కళ్లు మండుతూ పనికి వెళ్తారు. మిగిలిన అద్దె అటు బయటి తిండికి, ఇటు పెట్రోలుకు పోతుంది. అంతకంటే విలువైనది ఇంకొకటి పోతుంది. కొత్త పని నేర్చుకోవాల్సిన నెలల్లో బుర్ర అలసిపోతుంది.

అందుకని నా సలహా ఇది. పరవాడ, అచ్యుతాపురం, దువ్వాడ వైపు పనైతే గాజువాక, కూర్మన్నపాలెం చుట్టుపక్కల చూడండి. రుషికొండ వైపైతే ఎండాడ, పీఎం పాలెం, కొమ్మాది. ఊరి మధ్యలో అయితే అక్కయ్యపాలెం, కంచరపాలెం, మర్రిపాలెం వంటి చోట్ల వెతకండి. కంపెనీ బస్సు ఉంటే అది ఎక్కడెక్కడ ఆగుతుందో ముందు తెలుసుకుని, ఆ స్టాపుకు నడిచి వెళ్లేంత దూరంలో గది తీసుకోండి. అద్దె వెయ్యి ఎక్కువైనా పర్వాలేదు.

మొదటి నెల హాస్టల్‌లోనో, తెలిసినవాళ్ల గదిలోనో ఉండి, ఆఫీసు చూశాకే అడ్వాన్స్ కట్టండి. ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్స్‌లో రంగులకు, రిపేర్లకు ఎంత కోస్తారో, ఎన్ని రోజుల ముందు చెప్పాలో కాగితం మీద రాయించుకోండి. కరెంటు మీటరు వేరుగా ఉందో లేదో, నీళ్లు ఎన్ని గంటలు వస్తాయో అడగండి. మన ఉక్కపోతలో ఏసీ ఉన్న గది అంటే ఏప్రిల్, మే బిల్లు వేరే లెక్క.

ప్రయాణానికి సంబంధించి ఆడపిల్లలకు ఒక సదుపాయం ఉంది. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద రాష్ట్రంలో ఉండే మహిళలు ఆర్టీసీ సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచితంగా వెళ్లొచ్చు. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపించి జీరో టికెట్ తీసుకోవాలి. గది బస్టాపుకు దగ్గరగా ఉంటే ప్రయాణం ఖర్చు దాదాపు మొత్తం మిగిలిపోతుంది.

4. మొదటి నెలలోనే తేల్చుకోవాల్సిన కాగితాలు

ఇదివరకు ఎక్కడైనా పని చేసి ఉంటే మీకు 12 అంకెల యూఏఎన్, అంటే ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరు, ఉంటుంది. కొత్త కంపెనీకి అదే ఇవ్వండి, కొత్తది తీయించుకోవద్దు. పాత పీఎఫ్‌ను డ్రా చేయకుండా కొత్త ఖాతాకు బదిలీ పెట్టండి. ఐదేళ్ల సర్వీసు నిండకుండా తీస్తే ఆ సొమ్ము పన్ను లెక్కలోకి వస్తుంది. మన తెలుగువాళ్లకు ఇక్కడ తరచూ వచ్చే చిక్కు పేరు దగ్గర. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు ఉంటుంది, పాన్‌లో వెనక ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది. మూడూ ఒకేలా లేకపోతే రేపు డబ్బు అవసరమైన రోజున క్లెయిమ్ ఆగిపోతుంది. ఇప్పుడే సరిచేయించండి. నామినీ పేరు కూడా ఇప్పుడే ఎక్కించండి.

పాత జీతం ఖాతాలో కొన్ని నెలలు జీతం పడకపోతే అది మామూలు సేవింగ్స్ ఖాతాగా మారి, మినిమం బ్యాలెన్స్ అడుగుతుంది. ఆ ఖాతా నుంచి ఈఎంఐ గానీ, సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో పెట్టే మొత్తం) గానీ, బీమా ప్రీమియం గానీ ఆటోమేటిగ్గా కట్ అవుతుంటే కొత్త ఖాతాకు మార్చుకోండి. ఒక్కసారి బౌన్స్ అయినా ఛార్జీలు పడతాయి.

ఏడాది మధ్యలో ఉద్యోగం మారితే పాత చోట తీసుకున్న జీతం వివరాలు కొత్త చోట ఇవ్వండి. ఇవ్వకపోతే రెండు కంపెనీలూ ఎవరికివారు తక్కువ పన్ను లెక్కగడతాయి, రిటర్న్ వేసే సమయంలో మిగతాదంతా ఒకేసారి మీ నెత్తిన పడుతుంది. కొత్త పన్ను విధానంలో 2025-26కి జీతగాళ్లకు 12,75,000 దాకా పన్ను లేదు కాబట్టి కొత్తగా చేరినవాళ్లలో చాలామందికి ఈ బెంగ ఉండదు. ఆ గీతకు దగ్గరగా ఉన్నవాళ్లు మాత్రం చూసుకోవాలి.

పాత కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా సాధారణంగా అక్కడ ఆఖరి రోజుతోనే ఆగిపోతుంది. కొత్త కంపెనీ బీమా అమ్మానాన్నలకు వర్తిస్తుందో లేదో అడగండి. వర్తించకపోతే, మిగతా పొదుపులన్నిటికంటే ముందు వాళ్లకొక పాలసీ చూడటం మంచిది.

5. పనిలో కుదురుకోవడం

పొదుపు గురించి చెబుతూ పని సంగతి ఎందుకంటే, మీ దగ్గరున్న అతి పెద్ద ఆస్తి నెలనెలా వచ్చే ఆ జీతమే. ప్రొబేషన్‌లో, అంటే ఉద్యోగం ఖాయం కాకముందు పని చూసే కాలంలో, ఉన్నవాళ్లను తక్కువ నోటీసుతో పంపేయొచ్చు. కాబట్టి మొదటి మూడు నెలలు మీ శక్తిలో ఎక్కువ భాగం పని నేర్చుకోవడానికి వెళ్లాలి.

జేబులో చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. చెప్పినదాన్ని రాసుకుంటే రెండోసారి అడిగే అవసరం తగ్గుతుంది, అడిగినా అర్థవంతంగా అడుగుతారు. ప్లాంట్‌లో అయితే మొదటి వారం భద్రతా నియమాలే మీ పని. ఏ వాల్వు ఎందుకు, అలారం మోగితే ఎటు వెళ్లాలి అన్నవి తెలియకుండా ఇంకేదీ నేర్చుకోవద్దు. షిఫ్టులుంటే నిద్ర వేళలు కుదరడానికి సమయం పడుతుంది. సీ షిఫ్ట్ (రాత్రి షిఫ్ట్) చేసి వచ్చిన పగలు షాపింగులు, సినిమాలు పెట్టుకోకుండా కిటికీకి ముదురు రంగు తెర కట్టుకుని పడుకోండి. ఆ తెర కొనడం నా దృష్టిలో అవసరమైన ఖర్చే. నెల నెలా పై అధికారిని ఒక్క మాట అడగండి: "సార్, నేను ఏది సరిగ్గా చేస్తున్నాను, ఏది సరిచేసుకోవాలి?" ఆరో నెలలో కన్ఫర్మేషన్ (ఉద్యోగం ఖాయం చేయడం) మాట వచ్చేటప్పటికి మీకు ఆశ్చర్యాలు ఉండవు.

తోటివాళ్లతో టీ తాగడానికి వెళ్లడం మానకండి. పిసినారితనం ఇక్కడ పనికిరాదు. సగం పని మెళకువలు ఆ టీ కొట్టు దగ్గరే తెలుస్తాయి. నెలకు టీ, పుట్టినరోజు చందాలు, టీమ్ భోజనం కలిపి ఒక మొత్తం అనుకోండి, వెయ్యో పదిహేను వందలో. దాన్ని ఉద్యోగ ఖర్చుగానే రాయండి. అది అయిపోయాక ఎవరైనా హోటల్‌కు పిలిస్తే నిజం చెబితే చాలు: "ఈ నెల కుదరదండీ, జీతాలు పడ్డాక తప్పకుండా వస్తాను." ఇలా చెప్పినందుకు నన్ను తక్కువ చేసి చూసినవాళ్లు ఎవరూ లేరు.

ప్రొబేషన్ పూర్తయ్యేదాకా కొత్త ఈఎంఐ పెట్టుకోవద్దు. బండైనా, ఫోనైనా, ఇంకేదైనా సరే. క్రెడిట్ కార్డు తీసుకున్నా నెల బిల్లు మొత్తం కట్టగలిగినప్పుడే వాడండి. మినిమం డ్యూ (బిల్లులో కనీసం కట్టమనే మొత్తం) కట్టి ఊరుకుంటే మిగతాదాని మీద వడ్డీ పెరిగిపోతుంది.

6. మొదటి జీతం నుంచే రెండు వేలు

జీతం పడిన మర్నాడే రెండు వేలు వేరే ఖాతాలోకి వెళ్లేలా బ్యాంకులో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ (ప్రతి నెలా తనంతట తానే బదిలీ అయ్యే ఏర్పాటు) పెట్టండి. ఆ ఖాతాకు యూపీఐ లింకు చేయకండి, దాని కార్డు ఊళ్లో అమ్మ దగ్గర ఉంచండి. రెండు వేలు చిన్న మొత్తమే. కానీ ఖర్చులు పోగా మిగిలింది దాచే అలవాటు పోయి, దాచగా మిగిలింది ఖర్చు చేసే అలవాటు ఇక్కడే మొదలవుతుంది.

మొదటి జీతంలో అమ్మకు చీర, నాన్నకు చొక్కా, కనకమహాలక్ష్మి అమ్మవారికి దండం, ఇంటిల్లిపాదికీ స్వీట్లు, ఇవన్నీ చేయండి. చేయాలి కూడా. ముందే ఒక అంకె అనుకుని చేయండి, అంతే.

7. తొంభై రోజుల ఖర్చు చిట్టా

మూడు నెలలు ప్రతి ఖర్చూ రాయండి. యాప్ అక్కర్లేదు, ఫోన్‌లో నోట్స్ చాలు. తగ్గించడానికి ప్రయత్నించకుండా ఉన్నది ఉన్నట్టు రాయండి. నా చిట్టాలో తేలింది ఇది. అద్దె కంటే ఎక్కువ నన్ను తినేసింది రాత్రి భోజనాలు. అప్పటినుంచి అన్నం గదిలోనే కుక్కర్‌లో వండుకుని, కూర మాత్రం కర్రీ పాయింట్‌లో తెచ్చుకోవడం మొదలుపెట్టాను. వంట పూర్తిగా రానివాళ్లకు ఇది మంచి మధ్యే మార్గం. సెలవు రోజు పొద్దున్నే రైతు బజారుకు వెళ్లండి. గాజువాక, కంచరపాలెం, సీతమ్మధార, ఎంవీపీ కాలనీల్లో ఉన్నాయి, ధరలు బోర్డు మీద రాసి ఉంటాయి. ఇద్దరు ముగ్గురు కలిసి వారానికి సరిపడా కూరగాయలు తెచ్చుకుంటే తేడా మొదటి నెలలోనే కనిపిస్తుంది.

8. నాలుగో నెల: ఇప్పుడు పెద్ద అంకె

చిట్టా చేతిలో ఉంది కాబట్టి లెక్క నిజాయితీగా వస్తుంది. చేతికి 34,000 వచ్చేవారికి ఒక నమూనా: అద్దె, కరెంటు 6,500, తిండి 7,000, ప్రయాణం 2,000, ఫోన్ 500, ఇంటికి పంపేది 6,000, బట్టలు, మందులు, ఊరి ప్రయాణాలు, టీ ఖర్చు, పండగలు 4,000. మొత్తం 26,000. మిగిలేది 8,000. మీ అంకెలు వేరుగా ఉంటాయి, వరుస మాత్రం ఇదే.

ఆ ఎనిమిది వేలలో మొదటి ఐదు వేలు అత్యవసర నిధికి. ఇది ఎందుకు ముందో విశాఖవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. 2014 అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్ తుఫాను వచ్చింది. తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు, ఏటీఎంలు పని చేయలేదు. ఖాతాలో డబ్బున్నవాళ్లు కూడా పాలప్యాకెట్ కోసం చేతిలో నోట్లు లెక్కపెట్టుకున్నారు. ఇప్పుడు టీకి కూడా ఫోన్ తీస్తున్నాం కాబట్టి ఆ ఇబ్బంది ఇంకా ఎక్కువ ఉంటుంది. అందుకని మూడు నెలల ఖర్చు, పై లెక్కలో 78,000, లక్ష్యంగా పెట్టుకోండి. అందులో నాలుగైదు వేలు నోట్ల రూపంలో గదిలోనే ఉంచండి. మిగతాది సేవింగ్స్, ఎఫ్‌డీల్లో పెట్టండి. నెలకు ఐదు వేలతో పదహారు నెలల్లో అది పూర్తవుతుంది. ఎంత ఆశ పెట్టినా ఈ డబ్బును షేర్లలో పెట్టకండి. బ్యాంకు డిపాజిట్లకు ఒక్కో బ్యాంకులో ఒక్కొక్కరికి 5 లక్షల దాకా బీమా రక్షణ ఉంది.

మిగిలిన మూడు వేలు మీ లక్ష్యానికి. లక్ష్యానికి పేరు, తేదీ, మొత్తం ఉండాలి. "చెల్లి పెళ్లికి ముప్పై నెలల్లో 90,000" అంటే నెలకు మూడు వేలు, లెక్క తేలిపోయింది. రెండు మూడేళ్లలో కావాల్సిన డబ్బుకు బ్యాంకు ఆర్‌డీ (నెలనెలా ఒకే మొత్తం కట్టే డిపాజిట్) సరిపోతుంది. పోస్టాఫీసు ఆర్‌డీ నెలకు 100 నుంచి మొదలవుతుంది, కాలం ఐదేళ్లు. పదిహేనేళ్ల తర్వాతి అవసరాలకు పీపీఎఫ్ (ఎవరైనా తెరవగల ప్రభుత్వ దీర్ఘకాల పొదుపు ఖాతా) ఉంది, ఏడాదికి కనీసం 500, గరిష్ఠంగా 1,50,000. మ్యూచువల్ ఫండ్ సిప్ మొదలుపెట్టాలంటే అత్యవసర నిధిలో కనీసం ఒక నెల ఖర్చు చేరాక, ఐదేళ్లకు పైగా ముట్టుకోని డబ్బుతోనే పెట్టండి.

9. చీటీ వేయాలా?

ఈ ప్రశ్న మన దగ్గర ప్రతి ఆఫీసులోనూ వస్తుంది. చేరిన రెండు నెలల్లో ఒక సీనియర్ పిలుస్తారు: "తమ్ముడూ, లక్ష చీటీ, ఇరవై నెలలు, నెలకు ఐదు వేలు. వేస్తావా?"

చీటీ ఎలా నడుస్తుందో చూడండి. ఇరవై మంది ఐదేసి వేలు కడితే లక్ష. డబ్బు అవసరమైనవారు పాటలో ఇరవై వేలు తగ్గించుకుని 80,000కు ఎత్తుకున్నారనుకుందాం. ఆ ఇరవై వేలలో నడిపేవారి కమీషన్ ఐదు వేలు పోతే మిగిలిన పదిహేను వేలు ఇరవై మందికి పంచుతారు, తలా 750. అంటే ఆ నెల మీరు కట్టేది 4,250. ఓపిగ్గా చివరిదాకా ఉన్నవారికి లాభం, ముందే ఎత్తుకున్నవారికి అది అప్పు.

పద్ధతి చెడ్డది కాదు. దాని బలమంతా నడిపే మనిషి మీద ఉంటుంది. నేను మొదటి ఉద్యోగంలో తెలిసినాయన నడిపే చీటీలో పదకొండు నెలలు కట్టాను. కాగితం లేదు, రసీదు లేదు. పన్నెండో నెలలో ఆయన ఫోన్ ఆగిపోయింది. ఎక్కడికి వెళ్లి అడగాలన్నా నా చేతిలో రుజువు లేదు. 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం చీటీకి రిజిస్ట్రార్ దగ్గర ముందస్తు అనుమతి, రిజిస్ట్రేషన్, రాతపూర్వక ఒప్పందం ఉండాలి. కమీషన్ 7 శాతం మించకూడదు. అవి చూపించగలిగితే వేయండి. లేకపోతే ఆ సీనియర్‌తో గౌరవంగానే అనండి: "ఇప్పుడే ఆర్‌డీ మొదలుపెట్టానండీ, ఇంక చేతిలో మిగలడం లేదు."

10. ఆరో నెల, ఆ తర్వాత

కన్ఫర్మేషన్ లెటర్ వచ్చాక ఒక సాయంత్రం పే స్లిప్, పీఎఫ్ పాస్‌బుక్, ఖర్చు చిట్టా ముందు పెట్టుకుని కూర్చోండి. ఉమంగ్ యాప్‌లో పాస్‌బుక్ చూస్తే కంపెనీ నెలనెలా కడుతోందో లేదో తెలుస్తుంది. పే స్లిప్‌లో కోత కనిపిస్తూ పాస్‌బుక్‌లో జమ కనిపించకపోతే వెంటనే హెచ్‌ఆర్‌ను అడగండి. ఏదైనా నెల ఐదు వేలు కుదరకపోతే వెయ్యి వేయండి. సంక్రాంతి నెలలో నాకు అలాగే అయ్యేది. సున్నా మాత్రం వేయకండి.

జీతం పెరిగిన నెలలోనే, పెరిగినదాంట్లో సగం పొదుపులోకి మళ్లించండి. నడుస్తున్న ఆర్‌డీలో నెల మొత్తాన్ని సాధారణంగా పెంచలేం కాబట్టి రెండోది తెరవండి. పెరిగింది మూడు వేలైతే కొత్త ఆర్‌డీ పదిహేను వందలు. మిగతా పదిహేను వందలు మీ ఇష్టం. నాకు మొదటిసారి పెరిగినప్పుడు, రెండో ఆర్‌డీకి మొదటి కంతు కట్టేసి, ఆ మిగతా సగంతో అమ్మానాన్నలను సింహాచలం తీసుకెళ్లాను.